సాక్సులో దాచిన పుండు

మాది హోసూరుకు ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న పల్లె. మా వీధిలో ఒక ఇంట్లో తెలుగు, పక్కింట్లో కన్నడం, ఎదురింట్లో తమిళం. ఊరి చుట్టూ రోజాతోటలు, క్యాబేజీ తోటలు. మా నాయన ఫ్యాక్టరీలో షిఫ్టు పనికి పోతాడు. అమ్మ టైలరింగ్ చేస్తుంది. అవ్వ ఒక రోజాతోటలో పూలు కోసే పనికి పోతుంది. నేను మన బడిలో పదో తరగతి చదువుతున్నాను. చదువులో మధ్యరకం. పరుగులో మాత్రం నన్ను చూసి మా ఊరివాళ్ళు "ఇది మనిషా, కుందేలా" అంటారు.

అయితే ఈ వ్యాసం నేను గెలిచిన పరుగు గురించి కాదు. నా కుడికాలి చిటికెన వేలికీ, దాని పక్క వేలికీ మధ్యన ఉండే సందు గురించి. నవ్వకండి. ఆ సందును నేను మూడు నెలలు దాచిపెట్టినందుకు మా అవ్వ ఆరు రోజులు ఆసుపత్రి మంచం మీద పడుకోవాల్సి వచ్చింది.

తొమ్మిదో తరగతి దాకా నేను ఉత్తి కాళ్ళతోనే పరిగెత్తేదాన్ని. మా పీటీ సారు అప్పుడు మాకొక కథ చెప్పేవారు. 1960లో రోమ్ ఒలింపిక్స్‌లో ఇథియోపియా దేశపు అబెబె బికిలా అనే ఆయన మారథాన్ మొత్తం ఉత్తి కాళ్ళతో పరిగెత్తి బంగారు పతకం గెలిచాడట. "షూ లేదని ఏడ్చేవాళ్ళు బికిలాను తలుచుకోండి" అనేవారు సారు. మేము తలుచుకునేవాళ్ళం. అరికాళ్ళలో ముళ్ళు తీసుకుంటూ తలుచుకునేవాళ్ళం.

పదో తరగతిలో చేరిన వెంటనే, జూన్‌లో, ఒక రోజు సారు నన్ను స్టాఫ్ రూముకు పిలిచారు. బల్లమీద ఒక అట్టపెట్టె. లోపల నీలం రంగు పరుగు షూలు. మా టీచర్లందరూ తలా ఇంత వేసుకుని కొన్నారట. తెలుగు టీచరు నా చేత అక్కడే తొడిగించి, రెండడుగులు నడిపించి చూసుకుని మురిసిపోయారు. నాకు కళ్ళలో నీళ్ళు వచ్చేశాయి. ఆ రోజు నుంచి ఆ షూలు నాకు దేవుడిచ్చిన వరం మాదిరి.

వరాన్ని ఎట్లా చూసుకోవాలో మాత్రం నాకు తెలియలేదు. తెల్లవారి ఐదున్నరకు చెరువుకట్ట మీద పరుగు. మంచుకు, వానకు తడిసిన గడ్డి. షూలు లోపలిదాకా తడిసిపోయేవి. ఇంటికొచ్చి మొగం కడుక్కుని, అవే షూలతో బస్సెక్కి బడికి వచ్చేదాన్ని. అందరూ చూడాలని ఆశ. సాయంత్రం మళ్ళీ గ్రౌండులో ప్రాక్టీసు. అంటే పొద్దున తొడిగిన సాక్సులు విప్పేసరికి రాత్రి ఏడు. నాకున్నది రెండే జతల సాక్సులు. వానరోజుల్లో ఒక జత ఆరేది కాదు. పచ్చిగా ఉన్నదాన్నే తొడిగేదాన్ని, "పరిగెత్తితే అదే ఆరిపోతుందిలే" అని.

జులైలో దురద మొదలైంది. మొదట రాత్రిపూట మాత్రమే. తర్వాత క్లాసులో కూర్చున్నప్పుడు కూడా. బల్లకింద ఒక కాలితో ఇంకో కాలిని రుద్దుకునేదాన్ని. ఒకరోజు విప్పి చూస్తే చిటికెన వేలి సందులో చర్మం తెల్లగా నానిపోయి, తడిసిన కాగితం మాదిరి పొరలు ఊడి వస్తా ఉంది. దాని కింద ఎర్రగా పగులు. వాసన కూడా. మా ఎదురింటి తమిళం స్నేహితురాలికి చూపిస్తే ఒక్క మాటలో తేల్చేసింది: "ఇది సేత్తుప్పుణ్ణు." తమిళంలో సేఱు అంటే బురద, పుణ్ణు అంటే పుండు. బురద పుండు.

నాకు ఆశ్చర్యమేసింది. బురదలో దిగేది మా అవ్వ. వరిమడిలో దిగినవాళ్ళకు, తోటలో నీళ్ళు కట్టేవాళ్ళకు వేళ్ళ సందులు పాసిపోవడం నేను చూశాను. అవ్వకు ప్రతి వానకాలమూ వచ్చేదే. కానీ నేను బురద అంటకుండా షూలు వేసుకున్నదాన్ని కదా, నాకెట్లా వచ్చింది? చెమట పట్టిన సాక్సు, తడిసిన షూ కలిస్తే అదే ఒక చిన్న బురదమడి అని నాకు అప్పుడు తట్టలేదు.

ఎవరికీ చెప్పలేదు. ఎందుకంటే, నాయనకు చెబితే "పరుగూ వద్దు, ఏమీ వద్దు, పబ్లిక్ పరీక్షలకు చదువుకో" అంటాడు. సారుకు చెబితే, "మేము కొనిచ్చిన షూ వల్ల పిల్లకు పుండు పడింది" అని టీచర్లు బాధపడతారు. అంతమంది డబ్బులేసి కొనిచ్చిన వస్తువు మీద నేరం చెప్పడానికి నాకు నోరు రాలేదు. పైగా సిగ్గు. కాలు కంపు కొడుతోందని ఏ ఆడపిల్ల చెప్పుకుంటుంది?

కాబట్టి నా డాక్టరు నేనే అయ్యాను. బస్టాండు దగ్గర ఒక మందుల షాపులో "వేళ్ళ సందుల్లో దురదకు ఏమైనా ఇవ్వండి" అని అడిగాను. కాలు చూడలేదు, చీటీ అడగలేదు. ఒక ట్యూబు తీసి ఇచ్చారు. రెండు రోజుల్లో అద్భుతం! దురద పోయింది, ఎరుపు తగ్గింది. ఆగస్టులో జోనల్ పోటీలు జరిగాయి. 1500 మీటర్ల పరుగులో నేను రెండో స్థానం. జిల్లా పోటీలకు ఎంపికయ్యాను. ఆ ట్యూబు నా పాలిట అమృతం అనుకున్నాను.

పూత ఆపిన నాలుగో రోజుకే దురద మళ్ళీ వచ్చింది. ఈసారి ఒక సందులో కాదు, మూడు సందుల్లో. అరికాలి అంచున పొట్టు రేగింది. పాదం పైన గుండ్రంగా ఒక ఎర్రటి మచ్చ లేచింది. మళ్ళీ పూశాను, మళ్ళీ తగ్గింది. మళ్ళీ ఆపాను, మళ్ళీ వచ్చింది. అట్లా మూడు ట్యూబులు అయ్యాయి.

ఇంతవరకూ చేసిన తప్పు నాది, అనుభవించేది నేను. ఆ తర్వాత నేను చేసిన పని వేరే.

సెప్టెంబరులో మాకు వాన ఎక్కువ. అవ్వ తోటనుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని, వేళ్ళ సందుల్లో ఆముదం, పసుపు కలిపి పెట్టుకునేది. "యాలనో ఈ సారి మానలేదు మే" అంది ఒక రాత్రి. అవ్వకు ఎనిమిదేళ్ళుగా షుగరు ఉంది. నాకు పాపమనిపించింది. నా సంచిలోంచి ట్యూబు తీసి, "ఇది పూసుకో అవ్వా, రెండు రోజుల్లో పోతుంది" అని నా చేతులతోనే పూశాను. నిజంగానే రెండు రోజుల్లో దురద తగ్గింది. అవ్వ వీధంతా చెప్పుకుంది, మనవరాలు మందు తెచ్చిచ్చిందని.

పదో రోజు అవ్వకు చలిజ్వరం వచ్చింది. మామూలు జ్వరమనుకున్నాం. పొద్దున చూస్తే ఎడమకాలు వాచిపోయి ఉంది. పాదం నుంచి మోకాలి కిందిదాకా ఎర్రగా, ముట్టుకుంటే కాలేటంత వేడిగా. నాయన షిఫ్టులో ఉన్నాడు. అమ్మ, నేను ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. చూసిన వెంటనే చేర్చుకున్నారు. సూది ద్వారా మందులు ఎక్కించారు. షుగరు చూస్తే బాగా పెరిగిపోయి ఉంది.

అక్కడ డాక్టరమ్మ తమిళంలో మాట్లాడతారు. మా అవ్వకు సంతలో బేరమాడేంత తమిళం వస్తుంది కానీ, ఆసుపత్రి తమిళం రాదు. అమ్మకు కూడా అంతంత మాత్రమే. డాక్టరమ్మ చెప్పింది తెలుగులో అవ్వకు చెప్పేది, అవ్వ చెప్పింది తమిళంలో డాక్టరమ్మకు చెప్పేది నేనే.

డాక్టరమ్మ అవ్వ వేళ్ళ సందులు విడదీసి చూశారు. "ఇక్కడి పగుళ్ళలోంచే క్రిములు లోపలికి పోయాయి. దీన్ని సెల్యులైటిస్ అంటారు. చర్మం కింది పొరల్లో బ్యాక్టీరియా చేరి ఇట్లా వాస్తుంది. వేళ్ళ సందులు పాసి ఉంటే అదే దానికి తలుపు తీసిపెట్టినట్టు. షుగరు ఉన్నవాళ్ళకు ఇంకా ప్రమాదం" అన్నారు. నేను అవ్వకు చెప్పాను. తర్వాత, "వేళ్ళ సందుల్లో ఏమైనా పూశారా?" అని అడిగారు. అవ్వను అడిగాను. అవ్వ నా మొగం చూసింది. నేను సంచిలోంచి ట్యూబు తీసి ఇచ్చాను.

డాక్టరమ్మ దానిమీది అక్షరాలు చదివి తల పట్టుకున్నారు. "ఇందులో బలమైన స్టెరాయిడ్ ఉంది. దురదను, ఎరుపును అణిచేస్తుంది గానీ జబ్బును చంపదు. చర్మానికున్న కాపలాను నిద్రపుచ్చుతుంది. పైకి తగ్గినట్టు ఉంటుంది, లోపల జబ్బు పాకుతా ఉంటుంది. షుగరు ఉన్న పెద్దమనిషికి ఇది ఎవరిచ్చారు?" అన్నారు.

ఆ మాట నేను అవ్వకు తెలుగులో చెప్పాలి. "ఏమంటోంది మే?" అని అవ్వ అడిగింది. నేను, "ఆ మందు ఇంక పూయొద్దంటున్నారు అవ్వా" అన్నాను. అంతే. మిగతాది మింగేశాను. మూడు నెలలు సాక్సులో పుండును దాచినట్టే ఆ మాటనూ దాచాను.

కానీ డాక్టరమ్మ నన్ను వదల్లేదు. "నీ దగ్గర ఈ ట్యూబు ఎందుకుంది? షూ విప్పు" అన్నారు. విప్పాను. వార్డులో అందరి ముందూ నా సాక్సు కంపు. డాక్టరమ్మ మొగం చిట్లించలేదు. చేతికి గ్లౌజు వేసుకుని, నా వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి చూశారు. పాదం మీది ఎర్రమచ్చ అంచున బ్లేడుతో మెల్లగా గీకి, ఆ పొట్టును గాజుపలక మీద వేసి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేశారు. కాసేపటికి మైక్రోస్కోపులో నన్నే చూడమన్నారు. మసక మసకగా ఉన్న పెంకుల మధ్యన సన్నటి దారాలు, చెట్టుకొమ్మల మాదిరి చీలి పోతా ఉన్నాయి. "అదే నీ చర్మాన్ని తింటోంది" అన్నారు.

మన సైన్సు పుస్తకంలో శిలీంధ్రాలు అని చదువుకున్నాం. రొట్టె మీద పట్టే బూజు, వానకు మొలిచే పుట్టగొడుగు అన్నీ ఆ జాతివే. ఇది కూడా ఆ జాతిదే. ట్రైకోఫైటాన్ అని పేరు. మన చర్మం పైపొరలో, గోళ్ళలో, వెంట్రుకల్లో ఉండే కెరాటిన్ అనే పదార్థం దీనికి తిండి. ఒంటిమీద వస్తే తామర అంటాం. కాళ్ళకు వస్తే అథ్లెట్స్ ఫుట్ అంటారు, అంటే ఆటగాళ్ళ పాదం. పరిగెత్తేవాళ్ళకు మాత్రమే వస్తుందని కాదు. చెమట, వేడి, చీకటి, గాలాడని చోటు ఇవన్నీ దీనికి ఇష్టం. పరిగెత్తేవాళ్ళ షూలో ఈ నాలుగూ ఉంటాయి. చిటికెన వేలి సందు అన్నిటికన్నా ఇరుకు, అందుకే చాలామందికి అక్కడే మొదలవుతుంది. కొందరికి వేళ్ళ సందుల్లో కాకుండా అరికాలు మొత్తం పొడిబారి పొట్టు రేగుతుంది. కొందరికి నీటి పొక్కులు లేస్తాయి. మూడూ ఒకే జబ్బు. గోటికి పాకితే గోరు పసుపురంగుకు తిరిగి మందమవుతుంది. అప్పుడు పూతమందు చాలదు, నెలల తరబడి మాత్రలు మింగాలి.

"నా వల్లే అవ్వకు అంటుకుందా?" అని అడిగాను. ఆ ప్రశ్న అడగడానికి నాకు చాలాసేపు పట్టింది. డాక్టరమ్మ అబద్ధం చెప్పలేదు. "నీ నుంచి ఆమెకు పోయిందో, ఆమె నుంచి నీకు వచ్చిందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. మీ ఇంట్లో కాళ్ళు తుడుచుకునేది దేనితో?" అన్నారు. బచ్చలి గడపలో వేసిన ఒకే గోనెపట్ట. ఎప్పుడూ తడిగానే ఉంటుంది. అందరం దానిమీదే కాళ్ళు రుద్దుకుంటాం. టవలు కూడా నాదీ అవ్వదీ ఒకటే. రాలిన చర్మపు పొట్టులో ఈ బూజు విత్తనాలు నెలల తరబడి బతికి ఉంటాయట. "అంటించింది ఆ పట్ట అనుకో. ముదిరించింది మాత్రం ఈ ట్యూబు" అన్నారు డాక్టరమ్మ.

ఇట్లాంటి స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్ర ప్రభుత్వం నియమం పెట్టిందట. అయినా అడిగితే ఇచ్చే షాపులు ఉన్నాయి, అడిగే నాలాంటివాళ్ళూ ఉన్నారు. ఇట్లా అరకొరగా పూసీ పూసీ, మామూలు మందులకు లొంగని తామర మన దేశంలో ఎక్కువవుతోందని కూడా చెప్పారు.

ఆ రాత్రి అవ్వ దగ్గర నేనే పడుకున్నాను. వార్డులో లైట్లు తగ్గించారు. అవ్వకు నిద్రపట్టలేదు. నాకూ పట్టలేదు. "అవ్వా, పొద్దున డాక్టరమ్మ చెప్పింది నీకు మొత్తం చెప్పలేదు నేను" అని మొదలుపెట్టాను. షూల సంగతి, దురద సంగతి, ట్యూబు సంగతి, స్టెరాయిడ్ సంగతి అన్నీ చెప్పాను. శిలీంధ్రం అంటే అవ్వకు అర్థం కాలేదు. "మన బచ్చలి గోడకు వానకాలం బూజు పడుతుంది చూడు, అట్లాంటిదే కాళ్ళకు పట్టింది. నేను ఇచ్చిన మందు బూజును తుడవలేదు, దానిమీద సున్నం కొట్టింది" అన్నాను. అది అర్థమైంది.

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నీ కాలు మండుతుంటే నువ్వు పరిగెత్తినావు. నా కాలు మండుతుంటే నేను పూలు కోసినాను. ఇద్దరమూ నోరు తెరవలేదు. ఇంక తప్పు ఎవరిదని ఎంచేది?" అంది. నేను ఏడ్చాను. "ఏడ్చింది చాలు, నీళ్ళ సీసా ఇట్లా ఇయ్యి" అంది అవ్వ.

అవ్వ ఆసుపత్రిలో ఉన్న ఆరు రోజుల్లో ఐదో రోజున జిల్లా పోటీలు. డాక్టరమ్మకూ అవ్వకూ మధ్య మాట చెప్పడానికి నేను ఉండాలి. నా కాలి పగుళ్ళు కూడా అప్పటికే నడుస్తుంటే రక్తం కారేట్టు అయ్యాయి. నేను పోలేదు. నా బదులు మూడో స్థానం వచ్చిన అమ్మాయి పోయింది. నేను ఆ పొద్దున వార్డు కిటికీ దగ్గర నిలబడి గడియారం చూసుకుంటూ, ఇప్పుడు విజిల్ ఊది ఉంటారు, ఇప్పుడు రెండో రౌండు, ఇప్పుడు ఆఖరి రౌండు అని లెక్కపెట్టుకున్నాను.

బడికి వచ్చాక పీటీ సారుకు నిజం చెప్పాను. తిడతారనుకున్నాను. సారు కుర్చీలో వెనక్కి వాలి, "షూ కొనిచ్చినాము కానీ, షూను ఎట్లా వాడాలో చెప్పలేదు. అది నా తప్పమ్మా" అన్నారు. తర్వాత, "నేను మీకు బికిలా కథ సగమే చెప్పినాను. 1964లో టోక్యో ఒలింపిక్స్‌లో ఆయన మళ్ళీ మారథాన్ గెలిచాడు. ఈసారి షూలు, సాక్సులు వేసుకుని గెలిచాడు. షూ మనకు శత్రువు కాదు. తడి శత్రువు" అన్నారు.

డాక్టరమ్మ నాకు ఇచ్చింది క్లోట్రిమజోల్ అనే మామూలు పూతమందు. స్టెరాయిడ్ లేనిది. రోజుకు రెండు పూటలు, నాలుగు వారాలు. కాళ్ళు కడిగి, పూర్తిగా ఆరాక పూయాలి. మచ్చ మీద మాత్రమే కాదు, మచ్చ అంచు దాటి చుట్టూ ఒక వేలెడు వెడల్పు మంచి చర్మం మీద కూడా పూయాలి. ఎందుకంటే కంటికి కనిపించే అంచుకన్నా ముందుకే ఆ దారాలు పాకి ఉంటాయి. పోయినట్టు కనిపించినా ఇంకో రెండు వారాలు ఆపకూడదు. రెండో వారానికే నాకు దురద పోయింది. ఆపేద్దామా అనిపించింది. మైక్రోస్కోపులో చూసిన కొమ్మలు గుర్తొచ్చి ఆపలేదు. కొందరికి వేరే మందు, కొందరికి మాత్రలు కావాల్సి వస్తుంది. అది డాక్టరు చూసి చెప్పాలి. మన పక్క బెంచీ స్నేహితురాలు కాదు, మందుల షాపు కాదు.

ఇప్పుడు నేను, మా రన్నింగ్ టీము పిల్లలందరూ పాటించేవి చెబుతాను. వీటికి డబ్బు పెద్దగా ఖర్చు కాదు.

పరుగు అయిపోయిన వెంటనే షూ, సాక్సు విప్పేస్తాం. బడికి చెప్పులతో వస్తాం. కాళ్ళు సబ్బుతో కడిగి, వేళ్ళ సందులు ఒక్కొక్కటే పొడిగా తుడుచుకుంటాం. కాళ్ళ గుడ్డ వేరు, ఒంటి టవలు వేరు. ఎవరిది వాళ్ళదే. జబ్బు ఉన్నప్పుడు సాక్సులు ముందు తొడిగి, తర్వాతే లోదుస్తులు వేసుకోవాలి. లేకపోతే పాదం మీది బూజు గుడ్డకు అంటుకుని తొడల సందుకు పాకుతుంది. ఇది డాక్టరమ్మ చెప్పిన చిట్కా. మాకు నవ్వొచ్చింది కానీ నిజం.

సాక్సు ఒక పరుగుకు ఒకటే. ఉతికేటప్పుడు లోపలివైపు బయటికి తిప్పి, బాగా వేడినీళ్ళలో నానబెట్టి ఉతికి ఎండలో వేస్తాం. మందపాటి నూలు సాక్సు చెమటను పీల్చి తనలోనే పెట్టుకుంటుంది. తడిని బయటికి పంపే పరుగు సాక్సులు దొరికితే మేలు. దొరకకపోతే పల్చటివి రెండు జతలు ఎక్కువ ఉంచుకుని మార్చుకుంటే చాలు. పచ్చి సాక్సు తొడగడం మాత్రం ఎప్పుడూ వద్దు.

తడిసిన షూ పూర్తిగా ఆరడానికి కనీసం ఒక రోజు పడుతుంది. రెండు జతలు ఉన్నవాళ్ళు మార్చి మార్చి వేసుకోవాలి. నాకు ఒకటే జత. కాబట్టి సారు నా ప్రాక్టీసునే మార్చేశారు. ఒక రోజు షూతో పరుగు, మరుసటి రోజు గ్రౌండులో ఉత్తి కాళ్ళతో వ్యాయామాలు. షూ లేస్ పూర్తిగా వదులు చేసి, లోపలి అట్టను బయటికి తీసి, పాత దినపత్రిక ఉండలు చేసి లోపల కుక్కుతాను. రెండు గంటల తర్వాత తీస్తే కాగితం తడిగా బరువెక్కి ఉంటుంది. అదంతా ఇదివరకు నా కాళ్ళు పీల్చిన తడే కదా అనుకుంటాను. హాస్టల్లో ఉండేవాళ్ళు, పోటీలకు పోయి వేరేచోట బస చేసేవాళ్ళు అందరూ వాడే బచ్చలిలోకి చెప్పులు లేకుండా పోవద్దు. ఒకరి షూ ఒకరు అడగొద్దు.

మా ఇంట్లో గోనెపట్ట పోయింది. అమ్మ పాత చీరలతో నలుగురికీ నాలుగు పట్టలు కుట్టింది. రోజూ ఎండలో ఆరేస్తుంది. అవ్వకు నాయన మోకాళ్ళదాకా వచ్చే రబ్బరు బూట్లు కొన్నాడు. అవి కూడా చెమట పట్టిస్తాయి కాబట్టి, మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు విప్పి కాళ్ళకు గాలి తగలనిమ్మని చెప్పాం. మొదట వినలేదు. ఇప్పుడు తోటలో మిగతా ఆడవాళ్ళ చేత కూడా విప్పిస్తోందట.

ఇంకొక పని ఉంది. అది నా వంతు. షుగరు ఉన్నవాళ్ళకు కాళ్ళలో నరాలు మొద్దుబారి పుండు పడినా నొప్పి తెలియదని, రోజూ ఎవరైనా కాళ్ళు చూడాలని డాక్టరమ్మ చెప్పారు. అవ్వకు వంగి తన వేళ్ళ సందులు చూసుకునే ఓపిక, చూపు రెండూ లేవు. అందుకని రాత్రి అన్నాలయ్యాక అవ్వ మంచం మీద కాళ్ళు చాపుతుంది. నేను సెల్‌ఫోను లైటు వేసి ఎనిమిది సందులూ చూస్తాను. అరికాళ్ళు చూస్తాను. మడమ పగుళ్ళు చూస్తాను. తర్వాత అవ్వ, "ఇంక నీవి చూపీ" అంటుంది. ఆమెకు సరిగ్గా కనిపించదు. అయినా నేను చూపిస్తాను.

నా పాదం మీది మచ్చ పోయింది. చిటికెన వేలి సందులో చర్మం మామూలుగా ఉంది. జనవరి నుంచి మళ్ళీ చెరువుకట్ట మీద పరిగెత్తుతున్నాను. నీలం షూలు కొంచెం వెలిశాయి, అంతే. వచ్చే ఏడు పదకొండో తరగతిలో జిల్లా పోటీలకు పోవాలని ఉంది.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, కాళ్ళలో దురద సిగ్గుపడే విషయం కాదు. అది బూజు. బూజును దాచిపెడితే పెరుగుతుంది, ఎండకు పెడితే చస్తుంది. తల్లిదండ్రులకు ఒక మనవి. మీ పిల్లలు పరిగెత్తుతుంటే పతకాలతోపాటు ఒకసారి వాళ్ళ కాలివేళ్ళు కూడా చూడండి. ఈ వ్యాసం చదివిన వాళ్ళలో ఒక్కరైనా ఈ రాత్రి సాక్సు విప్పి, ఆ చిటికెన వేలి సందు ఒకసారి విడదీసి చూసుకుంటే, ఇది రాసినందుకు నాకు సంతోషం.